హాఫ్ టన్ను పికప్‌కు ఫిఫ్త్ వీలా, ట్రావెల్ ట్రైలరా?

మీరు అడిగినదాన్ని ముందుగా నా మాటల్లో చెప్పుకుంటాను. మీరు డాలస్ దగ్గర ఉంటున్నారు. మీ దగ్గర ఐదున్నర అడుగుల బెడ్ (వెనక సామాను తొట్టి) ఉన్న ఫోర్డ్ ఎఫ్-150, అంటే హాఫ్ టన్ను అనే తేలిక తరగతి పికప్, ఉంది, డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద పేలోడ్, అంటే పికప్ తన మీద మోయగల బరువు, 1,640 పౌండ్లని ఉంది. జూన్‌లో అమ్మగారు, నాన్నగారు వస్తున్నారు కాబట్టి ఇద్దరు పిల్లలతో కలిపి ఆరుగురు కొలరాడో వెళ్లి రావాలని అనుకుంటున్నారు. డీలరు 29 అడుగుల ఫిఫ్త్ వీల్ (ముందు భాగం పికప్ బెడ్ మీదికి వచ్చి అక్కడే తగిలే ఇల్లులాంటి ట్రైలర్) ఒకటి చూపించి, హాఫ్ టన్ను పికప్ దాన్ని హాయిగా లాగుతుందని చెప్పాడు. మీ పికప్ లాగగల బరువు 11,000 పౌండ్లకు పైనే ఉంది కనుక ఇది సరిపోతుందా, పికప్ తోకకు తగిలించే ట్రావెల్ ట్రైలర్ కంటే ఫిఫ్త్ వీల్ రోడ్డు మీద నిలకడగా ఉంటుందన్నది నిజమేనా, దారిలో పెద్దవాళ్లు అందులోనే పడుకుని రావచ్చా అన్నవి మీ మూడు ప్రశ్నలు.

ఆ ఫిఫ్త్ వీల్ కొనకండి. అది నిలకడగా ఉంటుందన్నది నిజమే, కానీ మీ పికప్ దాన్ని లాగగలదే తప్ప మోయలేదు. ఆరుగురూ ఈ పికప్‌లోనే కూర్చునేటట్లయితే, సామానుతో సహా 5,500 పౌండ్లు దాటని ట్రావెల్ ట్రైలరే మీకు తగినది. మూడో ప్రశ్నకు జవాబు: టెక్సస్‌లో కదులుతున్న ట్రైలర్‌లో మనుషులు ఉండటం చట్టవిరుద్ధం. కాలిఫోర్నియా వంటి కొన్ని రాష్ట్రాలు ఫిఫ్త్ వీల్ విషయంలో షరతులతో అనుమతిస్తాయి. అయినా సీటు బెల్టు లేని చోట కన్నవాళ్లను పడుకోబెట్టి గంటకు 60 మైళ్ల వేగంతో తీసుకెళ్లడానికి నేనైతే ఒప్పుకోను.

నేను పదకొండేళ్లుగా ట్రైలర్లు లాగుతున్నాను. మొదటి ఐదేళ్లు హాఫ్ టన్ను పికప్‌తో 27 అడుగుల ట్రావెల్ ట్రైలర్, ఆ తరువాత ఎక్కువ బరువు మోసే వన్ టన్ను తరగతి డీజిల్ పికప్‌తో 34 అడుగుల ఫిఫ్త్ వీల్ లాగాను. రెండింటితోనూ తప్పులు చేశాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

లాగడానికీ మోయడానికీ ఉన్న తేడా మన ఊళ్లలో ఎడ్లబండి తోలినవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. బస్తాలన్నీ బండి ముందు భాగంలో వేస్తే కాడి బరువెక్కి ఎడ్ల మెడలు వంగిపోతాయి. అన్నీ వెనక వేస్తే కాడి పైకి లేస్తుంది, బండి అదుపు తప్పుతుంది. అందుకే అనుభవం ఉన్న రైతు బస్తాలను ఇరుసుకు అటూ ఇటూ సర్ది, కాడి మీద కాస్తంత బరువు మిగిలేటట్లు చూస్తాడు. ట్రైలర్ సంగతీ ఇంతే. ట్రావెల్ ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ (ట్రైలర్‌ను పికప్‌కు తగిలించే అమరిక) బాల్ మీద పడాలి, దాన్నే టంగ్ వెయిట్ అంటారు. ఫిఫ్త్ వీల్‌లో అది 15 నుంచి 25 శాతం దాకా ఉంటుంది, పికప్ బెడ్‌లోని హిచ్‌లోకి దిగే ట్రైలర్ పిన్ పేరుతో దాన్ని పిన్ వెయిట్ అంటారు. ట్రైలర్‌లో మిగతా బరువును దాని చక్రాలే మోస్తాయి కానీ, ఈ భాగం మాత్రం పూర్తిగా పికప్ మెడ మీదనే పడుతుంది, అంటే పేలోడ్‌లో నుంచే ఖర్చవుతుంది.

ఇప్పుడు మీ లెక్క వేద్దాం. 1,640 పౌండ్లలో ముందు మనుషులను తీసివేయాలి, ఎందుకంటే ఆ స్టిక్కర్ చెప్పేది మనుషులూ సామానూ కలిపి మోయగల బరువు. మీరు, మీ శ్రీమతి కలిపి 320 పౌండ్లు, అమ్మగారు, నాన్నగారు 300, పిల్లలిద్దరూ 150 అనుకుంటే 770 పోయి 870 మిగులుతుంది. కూలర్, పనిముట్లు, బెడ్‌లో వేసే కుర్చీలు అన్నీ కలిపి 100 అనుకోండి. ట్రావెల్ ట్రైలర్‌కు తప్పనిసరిగా వాడవలసిన వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ (బార్లతో బరువును మిగతా ఇరుసులకూ పంచేది) కూడా దాదాపు 80 పౌండ్లు ఉంటుంది. ఇవి పోగా టంగ్ వెయిట్‌కు మీకు మిగిలేది 690 పౌండ్లు. టంగ్ వెయిట్ పన్నెండున్నర శాతం చొప్పున చూస్తే ట్రైలర్ బరువు సుమారు 5,500 పౌండ్లు దాటకూడదు.

అదే డీలరు చూపించిన ఫిఫ్త్ వీల్‌ను చూడండి. కరపత్రంలో ఖాళీ బరువు 7,300 పౌండ్లు, పిన్ వెయిట్ 1,200 అని ఉందన్నారు. ఖాళీ బరువు అంటే నీళ్లు, గ్యాసు, చాలా సందర్భాల్లో బ్యాటరీ కూడా లేకుండా ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చినప్పటి బరువు. ఆరుగురికి పది రోజుల ప్రయాణానికి బియ్యం, పప్పులు, ప్రెషర్ కుక్కర్, దుప్పట్లు, నీళ్లు చేరితే అది 8,500కు తేలికగా చేరుతుంది. (అమ్మ వెంట ఉన్న ప్రయాణంలో వంట సామాను ఎంత ఉంటుందో మీకు నేను చెప్పాలా!) దానిలో 20 శాతం అంటే పిన్ వెయిట్ 1,700 పౌండ్లు. బెడ్‌లో బిగించే ఫిఫ్త్ వీల్ హిచ్ మరో 120. మొత్తం 1,820. అంటే మీరు ఒక్కరు కూడా డ్రైవర్ సీట్లో కూర్చోకముందే పేలోడ్ దాటిపోయింది.

మరి 11,000 పౌండ్లు లాగగలదని కంపెనీ ఎలా రాసింది? అది అబద్ధం కాదు. ఆ అంకెలకు ఆధారం ఎస్‌ఏఈ జె2807 అనే ప్రమాణం. అరిజోనాలోని డేవిస్ డ్యామ్ దగ్గరి దీర్ఘమైన ఎత్తును నమూనాగా పెట్టుకుని, ఎండలో ఏసీ వేసి, వేగం మరీ పడిపోకుండా ఎక్కాలన్నది దానిలోని పరీక్షల్లో ఒకటి. కానీ ఆ లెక్కలో పికప్‌లో ఉండేది ఒక్కొక్కరు 150 పౌండ్లు ఉన్న ఇద్దరు మనుషులు మాత్రమే. ట్రావెల్ ట్రైలర్‌కు టంగ్ వెయిట్ 10 శాతం గానూ, ఫిఫ్త్ వీల్‌కు పిన్ వెయిట్ 15 శాతం గానూ తీసుకుంటారు. ఆరుగురి సంసారం, అమ్మ పచ్చళ్ల డబ్బాలు ఆ లెక్కలో లేవు. హాఫ్ టన్ను పికప్‌లలో ఇంజన్ శక్తి ఎప్పుడో సరిపోయింది, ముందుగా చాలకుండా పోయేది వెనక ఇరుసు, స్ప్రింగులు, టైర్లు మోయగల బరువే. మీ ఎకోబూస్ట్ ఇంజన్ గురించి మీరు రెండు పేరాలు రాశారు. దాని గురించి దిగులు పడవలసిన పని లేదు.

ఇక నిలకడ సంగతి. ట్రావెల్ ట్రైలర్‌ను తగిలించే బాల్ పికప్ వెనక ఇరుసుకు నాలుగైదు అడుగులు వెనకగా ఉంటుంది. పక్కగాలి తగిలి ట్రైలర్ వెనక భాగం కుడికి జరిగితే, దాని ముక్కు పికప్ తోకను ఎడమకు తోస్తుంది. ఆ నాలుగైదు అడుగులు మీటగడలాగా పనిచేసి చిన్న తోపును పెద్దది చేస్తాయి. ఫిఫ్త్ వీల్ పిన్ అలా కాకుండా వెనక ఇరుసుకు సరిగ్గా పైన గానీ, రెండు మూడు అంగుళాలు ముందుగా గానీ కూర్చుంటుంది. అక్కడి నుంచి తోస్తే ఆ తోపు ఇరుసు మీదనే ఆగిపోతుంది, స్టీరింగ్‌ను కదపదు. వెనుకటి గుర్రపు బగ్గీల్లో ముందు ఇరుసు తిరగడానికి పడుకోబెట్టి అమర్చిన గుండ్రటి పలకకే ఐదో చక్రం అని పేరు. ఆ అమరికే లారీలకు, అక్కడి నుంచి ఈ ట్రైలర్లకు వచ్చింది. కాబట్టి ఫిఫ్త్ వీల్ నిలకడైనదన్న మాటలో అతిశయోక్తి లేదు. అయితే ఆ నిలకడ, దాన్ని మోయగల పికప్ కింద ఉన్నప్పుడే.

ట్రావెల్ ట్రైలర్ ఊగడానికి, అంటే అందరూ స్వే అనే దానికి, నేను చూసిన సందర్భాల్లో ఎక్కువ వాటికి కారణం గాలి కాదు, సామాను సర్దిన తీరే. మా రెండో ఏడాది ప్రయాణంలో విచిటా ఫాల్స్ దాటి 287 నంబరు హైవే మీద అమరిల్లో వైపు వెళుతున్నాం. ఒక లారీ మమ్మల్ని దాటుతుండగా దాని ముందరి గాలి ట్రైలర్‌ను మొదట అవతలికి నెట్టి, తరువాత తనవైపు లాక్కుంది. రెండు ఊపులతో ఆగవలసిన ట్రైలర్ మూడో ఊపుకు ఇంకా పెద్దదయింది. వెనక సీట్లో పిల్లలు ఆటనుకుని నవ్వుతున్నారు, నా అరచేతులకు మాత్రం చెమట పట్టి స్టీరింగ్ జారుతోంది. అటువంటప్పుడు కాలు బ్రేకు మీదికి పోతుంది, అది చేయకూడని పని. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు మెల్లగా తీసి, స్టీరింగ్‌ను తిన్నగా పట్టుకుని, బ్రేక్ కంట్రోలర్ మీటను చేత్తో నొక్కి ట్రైలర్ బ్రేకులు మాత్రమే పట్టేటట్లు చేయాలి. అప్పుడు ట్రైలర్ వెనక్కి లాగబడి తిన్నగా సర్దుకుంటుంది. ఆ రోజు అదే చేసి బయటపడ్డాను.

అమరిల్లోలో ట్రక్ స్టాప్ దగ్గర లారీలను తూచే క్యాట్ స్కేల్ మీద తూయించాను. ట్రైలర్ బరువు 6,400 పౌండ్లు, టంగ్ వెయిట్ 510 మాత్రమే, అంటే ఎనిమిది శాతం. ట్రైలర్ ఇరుసులకు వెనకగా ఉన్న మంచినీళ్ల ట్యాంకును ఇంటి దగ్గరే నింపుకుని బయలుదేరాను. గ్యాలను నీళ్లు 8.3 పౌండ్లు, 45 గ్యాలన్లంటే దాదాపు 375. దానికి తోడు వెనక బంపర్ మీద పిల్లల సైకిళ్లు, వాటి స్టాండుతో కలిపి 100. ఎడ్లబండిలో బస్తాలన్నీ వెనక వేసినట్లే చేశానన్నమాట! నీళ్లు వదిలేసి, సైకిళ్లను పికప్ బెడ్‌లోకి మార్చి మళ్లీ తూయిస్తే ట్రైలర్ 5,900కు కాస్త పైన, టంగ్ 730 వచ్చింది. పన్నెండు శాతం. తిరుగు ప్రయాణంలో అదే రోడ్డు మీద, అంతే గాలిలో ట్రైలర్ కదలలేదు.

తూయించడం ఎలాగంటే, ట్రైలర్ తగిలించి వెయిట్ డిస్ట్రిబ్యూషన్ బార్లు వదులు చేసి ఒకసారి, ట్రైలర్ విప్పి పికప్ ఒక్కదాన్నీ ఇంకొకసారి తూయించాలి. పికప్ రెండు ఇరుసుల మొత్తంలో వచ్చిన తేడాయే టంగ్ వెయిట్. మనుషులందరూ లోపలే కూర్చుని ఉండాలి. ఒక భోజనం ఖర్చుతో అయిపోయే ఈ పనిని ట్రైలర్ కొన్న మొదటి వారంలోనే చేయండి. ఆ బార్లు బరువులో కొంత భాగాన్ని ముందు ఇరుసుకు, ట్రైలర్ ఇరుసులకు పంచుతాయన్నది నిజమే. అయినా నేను పేలోడ్ లెక్కలో టంగ్ వెయిట్ మొత్తాన్నీ పట్టుకుంటాను, ఆ మిగులును భద్రత కోసం వదిలేస్తాను.

మీ ఐదున్నర అడుగుల బెడ్ ఫిఫ్త్ వీల్‌కు ఇంకొక అడ్డంకి. మలుపు బిగించి తిప్పినప్పుడు ట్రైలర్ ముందు మూల క్యాబ్ వెనక అద్దానికి తగలవచ్చు. వెనక్కి జరిగే స్లైడర్ హిచ్‌తో దీన్ని దాటవచ్చు కానీ దాని బరువూ ఖరీదూ ఎక్కువే. ఎనిమిది అడుగుల బెడ్ ఉన్నవారికి ఈ బాధ దాదాపు ఉండదు. హిచ్ బిగించిన తరువాత బెడ్‌లో సైకిళ్లకు, కూలర్‌కు చోటు పెద్దగా మిగలదు, బెడ్ కవర్ ఉంటే తీసేయాలి.

తగిలించడం ఫిఫ్త్ వీల్‌లో తేలిక అంటారు. పిన్ కంటికి కనిపిస్తుంది కనుక కొంతవరకు నిజమే. కానీ తప్పు జరిగితే నష్టం కూడా పెద్దదే. మా ఫిఫ్త్ వీల్ కొన్న మొదటి నెలలో ట్రైలర్‌ను రెండు అంగుళాలు ఎక్కువ ఎత్తులో ఉంచి పికప్‌ను వెనక్కి పోనిచ్చాను. పిన్ దాన్ని పట్టుకునే హిచ్ దవడల మధ్యకు దిగకుండా వాటి పైన కూర్చుంది. హిచ్ పిడి మూసుకున్నట్లే కనిపించింది, నేను నమ్మాను. ట్రైలర్‌ను నిలబెట్టే కాళ్లు ఎత్తి పది అడుగులు కదిలేసరికి ట్రైలర్ ముందు భాగం జారి బెడ్ అంచుల మీద పడింది. రెండు వైపులా అంచులు అరచేయంత లోతున నొక్కుకుపోయాయి. ఆ తరువాత నుంచి మూడు పనులు చేయకుండా కదలను: పిన్ పలక హిచ్ పలకకు ఖాళీ లేకుండా ఆనిందా అని టార్చి వేసి చూడటం, దవడలు పిన్ వెనక మూసుకున్నాయా అని వంగి చూడటం, ట్రైలర్ కాళ్లు నేలకు ఒక అంగుళం ఎత్తులోనే ఉంచి ట్రైలర్ బ్రేకు పట్టి పికప్‌తో మెల్లగా ముందుకు లాగి చూడటం. టెయిల్‌గేట్ దించారా లేదా అన్నది కూడా చూసుకోండి. దాన్ని మరచి వంచుకున్నవారు క్యాంపుకు ఒకరు తగులుతారు.

నడపడంలో రెండింటికీ రెండు తీర్లు. మలుపులో ఫిఫ్త్ వీల్ లోపలి మూలను ఎక్కువగా కోసుకుంటూ వస్తుంది కాబట్టి పెట్రోల్ బంకు దగ్గర మలుపును బాగా వెడల్పుగా తీసుకోవాలి. ట్రావెల్ ట్రైలర్ పికప్ దారినే ఎక్కువగా అనుసరిస్తుంది కానీ దాని తోక బయటికి విసురుకుంటుంది. రివర్స్‌లో ట్రావెల్ ట్రైలర్ చిన్న కదలికకే త్వరగా తిరుగుతుంది, ఫిఫ్త్ వీల్ ఆలస్యంగా మొదలుపెట్టి మెత్తగా తిరుగుతుంది. రెండింటికీ ఒకటే చిట్కా: చేతిని స్టీరింగ్ అడుగున పట్టుకుంటే, చేయి ఎటు కదిపితే ట్రైలర్ తోక అటు పోతుంది.

ఎత్తు కూడా చూసుకోండి. ట్రావెల్ ట్రైలర్లు చాలావరకు 11 అడుగుల చుట్టుపక్కల ఉంటాయి. ఫిఫ్త్ వీల్స్ 12 నుంచి 13 అడుగులు దాటుతాయి, పాత స్టేట్ పార్కుల్లో చెట్ల కొమ్మలు ఏసీని పట్టుకుంటాయి.

అమ్మగారికి మోకాళ్ల నొప్పులున్నాయని మీ ప్రశ్నలో చివరి వాక్యంగా రాశారు. నా దృష్టిలో అది మొదటి వాక్యం కావలసింది. ఫిఫ్త్ వీల్‌లో ప్రధాన పడక గది, చాలా మోడళ్లలో బాత్రూమ్ కూడా, పికప్ బెడ్ మీదికి వచ్చే ఎత్తైన భాగంలో ఉంటాయి. లోపల రెండు మూడు ఇరుకు మెట్లు ఎక్కాలి, బయటి నుంచి లోపలికి ఎక్కే మెట్లు వీటికి అదనం. మా అమ్మ వచ్చిన ఏడాది రాత్రిపూట ఆ మెట్లకు భయపడి కింద సోఫా మీదే పడుకుంది. ట్రావెల్ ట్రైలర్‌లో నేల అంతా ఒకే మట్టం. వాళ్లకు ముందు వైపు పడక, పిల్లలకు వెనక బంకులు, మీకు మడత సోఫా ఉండే మోడళ్లు 24 అడుగుల లోపే దొరుకుతాయి.

కొలరాడోకు మీ దారి బహుశా అమరిల్లో, డాల్‌హార్ట్, రాటన్ మీదుగా ఉంటుంది. రాటన్ పాస్ 7,800 అడుగుల ఎత్తు. డెన్వర్ నుంచి ఇంటర్‌స్టేట్ 70 మీద పడమటికి పోతే ఐసెన్‌హోవర్ సొరంగం 11,000 అడుగులకు పైనే. ఎక్కడం ఇంజన్ పని, దిగడం మీ పని. టో హాల్ మోడ్ (బరువు లాగేటప్పుడు వాడే గేర్ల అమరిక) పెట్టి, దిగుడు మొదలుకాకముందే గేరు తగ్గించి, బ్రేకును అదేపనిగా ఆనించి ఉంచకుండా గట్టిగా ఒకసారి పట్టి వదులుతూ దిగండి. వెళ్లేదారిలో ఒక రోజు ఉంటే పాలో డ్యూరో కాన్యన్ స్టేట్ పార్కులో ఆగండి. లోయలోకి దిగే రోడ్డు 10 శాతం వాలు. కొండల్లోకి పోయే ముందు మీ బ్రేకులు ఎలా ఉన్నాయో అక్కడ తెలిసిపోతుంది.

ఒకే పికప్‌లో ఆరుగురన్న షరతును వదులుకోగలిగితే మీ లెక్క మొత్తం మారుతుంది. మీ శ్రీమతి రెండో కారులో పెద్దవాళ్లిద్దరినీ, ఒక పిల్లాడినీ తీసుకొస్తే పికప్ నుంచి 500 పౌండ్లకు పైగా దిగిపోతుంది. అప్పుడు 6,500 పౌండ్ల దాకా ఉన్న ట్రైలర్ లాగవచ్చు. అంకెల ప్రకారం ఇంకా ఎక్కువకు చోటున్నా, అంత పొడవైన గోడకు పక్కగాలి తగిలినప్పుడు తేలికపాటి పికప్‌తో నేను పట్టుకోదలచుకోను. మీ హిచ్ రిసీవర్ (పికప్ వెనక హిచ్‌ను దూర్చే గొట్టం) మీద కూడా ఒక స్టిక్కర్ ఉంటుంది, టంగ్ వెయిట్ పరిమితి దాని మీద వేరుగా రాసి ఉంటుంది, అదీ దాటకూడదు. పైగా పెద్దవాళ్లు అలసిపోయినప్పుడు కారు ముందుగా వెళ్లి క్యాంపుకు చేరుకోవచ్చు. మా ఇంట్లో ఇప్పటికీ అదే పద్ధతి.

ఫిఫ్త్ వీలే కావాలని మనసులో ఉంటే పికప్ ముందు కొనండి, ట్రైలర్ తరువాత. త్రీ క్వార్టర్ టన్ను డీజిల్ పికప్‌లు చూడటానికి భారీగా ఉన్నా, డీజిల్ ఇంజన్ బరువు వల్ల, చాలావాటిని 10,000 పౌండ్ల మొత్తం బరువు పరిమితిలో నమోదు చేయడం వల్ల, పేలోడ్ 2,000 చిల్లరకే పడిపోయినవి ఉంటాయి. అదే తరగతిలో పెట్రోల్ ఇంజన్ ఉన్నది 3,000 మోయవచ్చు. ఆరుగురితో, 30 అడుగులు దాటిన ఫిఫ్త్ వీల్‌తో తిరగాలంటే వన్ టన్ను చూడండి. పికప్, ట్రైలర్ రెండింటి రేటింగులు కలిపి 26,001 పౌండ్లకు చేరి, ట్రైలర్ 10,000 దాటితే టెక్సస్‌లో మామూలు క్లాస్ సి లైసెన్స్ చాలదు, వాణిజ్యేతర క్లాస్ ఎ తీసుకోవాలి. డీలర్లలో ఈ మాట తమంతట తాము చెప్పినవాడిని నేను ఇంతవరకు చూడలేదు.

మీరు చూస్తున్న ట్రావెల్ ట్రైలర్లలో నచ్చిన రెండు మూడింటి తలుపు దగ్గరి, గ్యాస్ సిలిండర్ల వైపు గోడ మీది స్టిక్కర్లను ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. దానితోపాటు మీ పికప్ రిసీవర్ స్టిక్కర్, ట్రైలర్ టైరు పక్కన ముద్రించిన నాలుగంకెల తయారీ తేదీ కూడా కావాలి. పాత ట్రైలర్ అయితే టైర్లు కొత్తవిగా కనిపించినా ఐదేళ్లు దాటినవి కావచ్చు, వాటి ఖరీదును బేరంలోనే తగ్గించుకోవాలి. ఫొటోలు పెడితే లెక్క వేసి చెబుతాను.